మూడో కోటు వెయ్యకండి మహాప్రభో!

2024 దసరా ముందు రోజు పొద్దున్న మా పిన్ని పట్టె మంచం తలవైపు చెక్క మీద ఎవరివో పెళ్ళి సంబంధాల ప్రకటనలు అచ్చయి కనబడ్డాయి. అదీ తిరగేసి. అద్దం పెట్టి చూస్తే "కులపట్టింపు లేదు" అని చక్కగా చదువుకోవచ్చు :-)

ఇప్పుడు నవ్వొస్తోంది గానీ ఆ రోజు ఎవరం నవ్వలేదు. తిరువూరులో మా ఇంటి ముందు ట్రాలీ ఆటో వచ్చి నిలబడి ఉంది. మంచాన్ని విజయవాడ పంపాలని రాత్రే పాత పేపర్లు చుట్టి తాళ్ళు కట్టాం. ఆఖరి కోటు వేసి అప్పటికి మూడు రోజులు. పైన తాకితే ఆరినట్టే ఉంది. తెల్లారి ఒక మూల పేపరు విప్పి చూస్తే, కాగితం సగం ఊడొచ్చింది, సగం మంచానికే ఉండిపోయింది. మా నాన్న ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆటోవాడికి రానూ పోనూ డబ్బులిచ్చి పంపించేశాడు. నేను మాత్రం చాలానే మాట్లాడాను. అంతా పాలిష్ మేస్త్రి గురించే.

ఆ మాటలన్నీ తప్పని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. దాంతోపాటు, ఇంట్లో టేకు సామాను ఉన్నవాళ్ళకి కాస్త పనికొచ్చే సంగతులు కూడా ఉన్నాయి కాబట్టి ఓపిగ్గా చదవండి.

కథ బుడమేరుతో మొదలైంది. మా ఊరి నుంచి విజయవాడ వెళ్ళే దారిలో మైలవరం వస్తుంది కదా, ఆ కొండల్లోనే పుడుతుంది బుడమేరు. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. 2024 సెప్టెంబరు 1న అది విజయవాడలో సగం పేటల్ని ముంచింది. సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళది కింద వాటా. నీళ్ళు తీసి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి వారం దాటింది. మూడేళ్ళ కిందట ఈఎంఐలో కొన్న కప్‌బోర్డులు, టీవీ స్టాండు, కంప్యూటర్ టేబుల్ అన్నీ పార్టికల్ బోర్డువే. టీలో ముంచిన బిస్కెట్లలాగా ఉబ్బి, పట్టుకుంటే పొడి పొడి అయిపోయాయి. నిలబడింది ఒక్కటే, మా తాతయ్య 1998లో పిన్ని పెళ్ళికి తిరువూరులో చేయించి సారె పంపిన టేకు పట్టె మంచం. బురద పట్టింది, లక్క పాలిష్ తెల్లబడి పొరలు పొరలుగా లేచింది. కర్ర మాత్రం చెక్కుచెదరలేదు. పిన్నికి ఇల్లంతా పోయిన బాధలో ఆ మంచం ఒక్కటే ధైర్యం. "అది బాగుచేయించండ్రా, మిగతావి మెల్లగా కొనుక్కుంటాం" అంది.

అలా సెప్టెంబరు మూడో వారంలో మంచం మా ఇంటికొచ్చింది. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నేనూ వచ్చాను. ప్రాజెక్ట్ మేనేజర్ పాత్ర నేనే తీసుకున్నానని వేరే చెప్పక్కర్లేదు కదా.

మేస్త్రిది మా ఊరే, అరవై దాటాయి. మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. "చల్లగా తగుల్తోంది బాబూ. లోపల నీళ్ళున్నాయి. దసరా మాట మర్చిపోండి. నెలా రెండు నెలలు నీడన గాలికి పెట్టండి, అప్పుడు పిలవండి" అన్నాడు. నాకు అది పని తప్పించుకునే మాటలా వినిపించింది. దసరాకి పిన్ని తిరిగి ఇంట్లో చేరాలి, అది డెడ్‌లైన్. పైగా ఆయన మళ్ళీ లక్క పాలిషే వేద్దామంటే నేను వద్దన్నాను. లక్క నీళ్ళకి ఆగదని మొన్నేగా చూశాం, ఆయిల్ వార్నిష్ వేద్దాం, నేనే మంచిది తెస్తాను అన్నాను. తెచ్చాను. డబ్బా మీద "24 గంటల్లో రెండో కోటు" అని రాసి ఉంది. అది ఆయనకి చదివి వినిపించాను కూడా. ఆయన డబ్బాని చూశాడు, నన్ను చూశాడు, "సరే మీ ఇష్టం" అన్నాడు. ఈ "సరే మీ ఇష్టం" ఎంత ప్రమాదకరమైన మాటో మన ఫీల్డులో అందరికీ తెలుసు. రిలీజు ముందు టెస్టింగ్ వాళ్ళు అంటారే, అదే.

పేపరు అతుక్కున్న రోజు ఆయన్ని పిలిపించాం. ఇంకో కోటు వెయ్యమన్నాను, పైన గట్టి పొర వస్తే జిగురు లోపల ఉండిపోతుందని నా థియరీ. ఆయన వెయ్యనన్నాడు. "ఆరని దాని మీద వేస్తే రెండూ పోతాయి బాబూ" అన్నాడు. మాటా మాటా పెరిగింది. తొమ్మిది వేలకి మాట్లాడుకుంటే అయిదు వేలు ఇచ్చాం, మిగతా నాలుగు వేలు పని సరిగ్గా అయ్యాకే అన్నాడు నాన్న. నేను పక్కన నిలబడి తల ఊపాను. ఆయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు మూడో కోటు నేనే వేశాను. ఒక్క పక్క పట్టెకి, దట్టంగా. మర్నాటికి దాని మీద పాలమీగడ లాగా ముడతలు వచ్చాయి. వేలితో నొక్కితే మీగడ జారి కింద పాలు కదిలినట్టే కదిలింది.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అప్పటిదాకా నాకున్న అభిప్రాయం ఏంటంటే, వార్నిష్ ఆరడమంటే బట్టలు ఆరడం లాంటిదే అని. పలచన చెయ్యడానికి కలిపిన టర్పెంటు ఎగిరిపోతే పని అయిపోయినట్టే అనుకున్నాను. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌కి అది నిజమే. స్పిరిట్ ఎగిరిపోతుంది, లక్క మిగులుతుంది, అరగంటలో తాకొచ్చు. ఆయిల్ వార్నిష్ అలా కాదు. అందులో ఉండేది అవిసె నూనె లాంటి ఆరే నూనె, దానితో కాచి కలిపిన రెజిన్. పాతకాలంలో అయితే గుగ్గిలం లాంటి బంకలు, ఇప్పటి డబ్బాల్లో ఎక్కువగా ఆల్కిడ్‌లు. టర్పెంటు ఎగిరిపోయాకే అసలు పని మొదలవుతుంది. నూనె గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలాగా అల్లుకుంటాయి. అంటే అది ఆరడం కాదు, తోడుకోవడం అనుకోండి. పెరుగు తోడుకోవడానికి వేడి, టైము కావాలి, మధ్యలో కదపకూడదు. దీనికి గాలి, పొడి వాతావరణం, టైము కావాలి. కోబాల్ట్ లాంటి డ్రయర్లు కలిపేది ఈ పని త్వరగా జరగడానికే. వానాకాలపు చెమ్మ గాలిలో అవి కూడా నీరసపడతాయి.

దట్టంగా వేస్తే ఎందుకు ముడతలు వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. పై పొరకి గాలి అందింది, గట్టిపడింది. కింది పొరకి దారి మూసుకుపోయింది. అంటే "పైన గట్టి పొర" అన్న నా థియరీ జరగాల్సిన దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక టేకు సంగతి. ఇది తెలిసినప్పుడు మాత్రం కొంచెం సేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుండిపోయాను. టేకుకి చెద పట్టదని గొప్పగా చెప్పుకుంటాం కదా. దానికి కారణం కర్రలో సహజంగా ఉండే నూనె గుణం, టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు. ఈ జాతి పదార్థాలు యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఆక్సిజన్‌తో జరిగే చర్యకి అడ్డుపడతాయి. మన వార్నిష్ గట్టిపడాల్సిందేమో ఆ చర్యతోనే! పాత పాలిష్ గీకి, ఉప్పు కాగితంతో రుద్ది కొత్త కర్ర బయటపెట్టగానే లోపలి నూనె పైకి ఊరుతుంది. దాన్ని తుడవకుండా మొదటి కోటు వేస్తే అడుగు పొర వారాల తరబడి జిగటగానే ఉంటుంది. చెద నుంచి కాపాడే గుణమే వార్నిష్‌ని ఆరనివ్వదు. డబ్బా మీద రాసిన 24 గంటలు అబద్ధం కాదు. అది మామూలు కర్రకి, పొడి రోజుకి, పలచటి కోటుకి. నా దగ్గర ఆ మూడూ లేవు. కర్ర టేకు, రోజులు ముసురు, కోటు దట్టం. దానికి తోడు వారం రోజులు వరదలో నానిన కర్ర.

కాబట్టి మీ ఇంట్లో వార్నిష్ ఇబ్బంది పెడుతుంటే ముందు డబ్బా మూత తియ్యకండి. రెండు రోజులు ఊరికే చూడండి. బొటనవేలుతో గట్టిగా నొక్కి కొంచెం తిప్పండి. ముద్ర పడలేదంటే పొర అడుగు దాకా గట్టిపడినట్టు. ముద్ర పడి పొర కదిలితే అడుగున పచ్చిగా ఉన్నట్టు. పొర కదలకుండా వేలికి జిగట మాత్రం అంటుకుంటే చాలాసార్లు అది మైనం, నూనె, చేతి జిడ్డు. మెత్తటి గుడ్డకి కాస్త టర్పెంటు అద్ది తుడిస్తే పోతుంది, మంచం మంచంలాగే ఉంటుంది. దీన్ని చూసి మొత్తం పాలిష్ గీకించినవాళ్ళు నాకు తెలుసు.

పాత సామాను మీద ఏ పాలిష్ ఉందో తెలియకపోతే కనబడని మూల చూసుకుని దూదితో ఒక చుక్క స్పిరిట్ పెట్టండి. మెత్తబడి అంటుకుంటే లక్క. స్పిరిట్‌కి లొంగకుండా తిన్నర్‌కి కరిగితే లాకర్. రెంటికీ కరక్కపోతే ఆయిల్ వార్నిష్షో, పీయూనో. ఈ రెండు నిమిషాల పని చెయ్యకుండా మీద ఏదో ఒకటి వేసేసి, అది పొరలు లేస్తే "ఈ కంపెనీ బాలేదు" అంటాం. లక్క పాలిష్ తెల్లగా మబ్బు పట్టిందంటే అది చెమ్మ. స్పిరిట్ ఎగిరిపోయేటప్పుడు కర్ర పైభాగం చల్లబడి గాలిలో తేమ దాని మీద పడుతుంది. పొడిరోజు కొంచెం స్పిరిట్‌తో తడిపి మళ్ళీ రుద్దితే చాలాసార్లు పోతుంది. వార్నిష్‌లో చిన్న చిన్న గుంటలు చేపకళ్ళలా కనబడితే, ఇంట్లో ఎవరో మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టి ఉంటారు. బుడగలు వస్తే డబ్బాని మందు సీసాలా ఊపి ఉంటారు. ఊపకూడదు, పుల్లతో మెల్లగా కలపాలి.

చూశారా, వీటిలో ఒక్కదానికి కూడా "ఇంకో కోటు వెయ్యండి" అనేది జవాబు కాదు. లోపం ఎప్పుడూ కింద ఉంటుంది, మనకి కనబడేది పైన. ఎర్రర్ వచ్చిన లైనులోనే తప్పుందని వెతికే ఫ్రెషర్‌ని చూసి నవ్వుతాం. అదే మనం మంచం దగ్గర చేస్తాం.

తర్వాత ఏమైందో చెప్తాను. నవంబరులో ఆయనింటికి నేనే వెళ్ళాను. క్షమాపణ చెప్పడం నాకు పెద్దగా రాదు. "మేస్త్రి గారూ, మీరు చెప్పిందే నిజం" అన్నాను. "టేకు కదా బాబూ" అన్నాడు, అంతే. మళ్ళీ వస్తానన్నాడు గానీ ఈసారి రోజులు ఆయనే చెప్తానన్నాడు. మంచం విప్పించి, గాలాడేలా కింద ఇటుకలు పెట్టి, వరండాలో నీడన పెట్టించాడు. ఎండలో పెడితే పగుళ్ళొస్తాయట. నేను వేసిన మూడో కోటు పట్టెని ముందే శుభ్రంగా గీకేసి, వారానికోసారి వీధి చివర బియ్యం కొట్టు కాటా మీద తూకం వేసి రాసుకోమన్నాడు. మొదటి తూకం 11.2 కిలోలు. ప్రతి వారం కొంచెం కొంచెం తగ్గింది. జనవరిలో 10.1 దగ్గర వరసగా రెండు వారాలు ఆగిపోయింది. ఎన్ని మానిటరింగ్ టూల్సు వాడాను నా ఉద్యోగంలో, ఇంత చక్కటి గ్రాఫు నాకెప్పుడూ రాలేదు.

మా దారిలోనే కొండపల్లి ఉంది. బొమ్మలు చేసేవాళ్ళు తెల్లపొణికి కర్రని సన్నటి సెగ మీద ఆరబెట్టి, తేమ పోయాకే పని మొదలుపెడతారని చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసికెళ్ళినప్పుడు చూశాను. రంగు ఆఖర్న ఎప్పుడో. అరచేతిలో పట్టే బొమ్మకి ఇచ్చే టైము నేను ఆరున్నర అడుగుల మంచానికి ఇవ్వలేదు.

సంక్రాంతి వెళ్ళాక పని మొదలైంది. గాజు పెంకుతో మిగతా మంచం మీది జిగటంతా గీకాడు. రేజర్ కంటే పెంకే బాగా తీస్తుంది, చేతి అదుపు తెలియాలి గానీ. తర్వాత తిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు. గుడ్డ పచ్చటి గోధుమరంగుకి తిరిగింది, అదే టేకు నూనె. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడిచాడు. నూనె మళ్ళీ ఊరేలోపు, గంటలోపే, పలచటి లక్క ఒక చెయ్యి వేశాడు. మైనం తీసేసిన లక్క. ఇది టేకుకీ వార్నిష్‌కీ మధ్య గోడ. అంటే మొదట్లో ఆయన వేద్దామన్న లక్కా, నేను పట్టుబట్టిన వార్నిష్షూ రెండూ ఉన్నాయి ఇప్పుడు ఆ మంచం మీద. దాని పైన సగానికి సగం టర్పెంటు కలిపిన వార్నిష్, గుడ్డతో, తడి మాత్రమే కనబడేంత పలచగా. రెండు రోజులు ఆగి, సన్నటి ఉప్పు కాగితంతో పొడి రాలేలా రుద్ది ఇంకోటి. పొడి రాలకుండా కాగితానికి జిగురు పట్టుకుంటే ఇంకా ఆరలేదని గుర్తట. అలా నాలుగు. ఫిబ్రవరి రెండో వారానికి అయింది.

ఒక సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి. రోజూ పని అయ్యాక ఆయన నూనె గుడ్డలన్నీ బకెట్టు నీళ్ళలో ముంచి వెళ్ళేవాడు. చాదస్తం అనుకున్నాను. తోడుకునేటప్పుడు నూనె వేడి పుట్టిస్తుంది. గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాగే తగలబడింది. 22వ అంతస్తులో చెక్కపనికి వాడి వదిలేసిన అవిసె నూనె గుడ్డలు. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. మంట 30వ అంతస్తులో స్ప్రింక్లర్ల దగ్గర గానీ ఆగలేదు. ఆదివారం సరదాగా బాల్కనీలో కుర్చీకి పాలిష్ వేసుకునే మిత్రులారా, గుడ్డలు నీళ్ళలో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి. డస్ట్‌బిన్‌లో వెయ్యకండి.

ఇంతా చదివి "అయితే పీయూ కొట్టించేస్తే పోలా?" అనేవాళ్ళుంటారు. కొట్టించుకోండి, గట్టిగానే ఉంటుంది, డైనింగ్ టేబుల్‌కి నేనూ అదే అంటాను. కానీ అది ఒకచోట పగిలితే ఆ ఒక్కచోట అతుకు వెయ్యడం కష్టం, మొత్తం తీయాల్సిందే. పలచటి ఆయిల్ వార్నిష్‌ని పదేళ్ళ తర్వాత కూడా గీత పడినచోట రుద్ది సరిచెయ్యొచ్చు. పాతికేళ్ళు దాటిన మంచానికి, ఇంకో పాతికేళ్ళు ఉండాల్సినదానికి, నా ఓటు దీనికే.

ఇంకో ప్రశ్న. మేస్త్రి తప్పు అసలేమీ లేదా అని మా నాన్నే అడిగాడు. ఉంది. తెలిసి తెలిసి తడి కర్ర మీద మొదటి కోటు వెయ్యకుండా ఉండాల్సింది. ఆయనే ఒప్పుకున్నాడు. "అప్పటికి రెండు వారాలుగా పనుల్లేవు బాబూ" అన్నాడు. ఆ మాట ముందు నా వాదన ఆగిపోయింది. బెంచి మీద ఉన్నప్పుడు ఎలాంటి ఎస్టిమేట్‌కైనా సరేనంటాం, నేనూ అన్నాను. తేడా ఏంటంటే, మన ప్రాజెక్టు దొబ్బితే జీతం ఆగదు. డెడ్‌లైన్ పెట్టినవాడు, సరుకు తెచ్చినవాడు, హెచ్చరిక విననివాడు నేను. డబ్బు ఆగింది మాత్రం ఆయనకి. వరద తర్వాత ఆ రెండు మూడు నెలల్లో సింగ్ నగర్ సామాను బాగుచేసిన వడ్రంగులకీ, పాలిష్ మేస్త్రిలకీ ఇలా "పని సరిగ్గా లేదు" అని కోసిన డబ్బులు ఎన్ని ఇళ్ళలో ఉంటాయో. కర్ర ఆరకముందే దసరాకి కావాలన్నది అందరమూ.

ఆగిన నాలుగు వేలూ ఇచ్చాం. రెండోసారి పనికి ఆయన సరుకు ఖర్చే అడిగాడు. కూలీ కూడా తీసుకోవాల్సిందే అని నేను పట్టుబట్టాను. నాన్న అడ్డుచెప్పలేదు. నాలుగు నెలలు నేల మీద చాప వేసుకుని పడుకున్న పిన్నికి మోకాళ్ళ నొప్పి పెరిగింది, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మంచం పంపే రోజు ఆయనా వచ్చాడు. పట్టె మీద ఒక న్యూస్ పేపరు పరిచి, దాని మీద మా రోలు బండ పెట్టి, "కాఫీ తాగొద్దాం పదండి" అన్నాడు. అరగంట తర్వాత బండ దించి పేపరు తీశాం. ఒక్క అక్షరం కూడా దిగలేదు. ఆ పేపరే మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఇంకా చదవలేదట.